“ఉద్యోగం వచ్చిందా నాయనా?”



కె.సి. కాలువ నీళ్ళు పారే ఊళ్ళయినా, వాన కోసం ఆకాశం వైపు చూసే మెట్ట ఊళ్ళయినా, నందికొట్కూరు చుట్టుపక్కల ఇప్పుడు ఒక మాట మామూలైపోయింది. ఫలానావారి పిల్లోడు అమెరికా పోయినాడంట, ఫలానా టీచరమ్మ కూతురు లండను పోయిందంట. మన తాతల కాలంలో కర్నూలు కోల్స్ స్కూలుకో, నంద్యాల ఎస్.పి.జి. స్కూలుకో వెళ్ళి చదువుకుంటే అదే దూరదేశం. ఇప్పుడు కూలి చేసి చదివించిన ఇంటి నుంచి కూడా సముద్రం దాటుతున్నారు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో 97,556 మంది చదువు ముగించుకుని, పని అనుమతి మీద ఉన్నవారు. అంటే పదిమందిలో ముగ్గురు తరగతిలో లేరు. ఉద్యోగంలోనో, ఉద్యోగ వేటలోనో ఉన్నారు. ఈ లెక్కలో మన తెలుగు బిడ్డలు చాలామంది.

వీసా ఇంటర్వ్యూకు వెళ్ళే ముందు పాస్‌పోర్టు తెచ్చి, ఉపవాస కూడికలో దాని మీద చేతులుంచి ప్రార్థించమని అడగడం మన సంఘాల్లో అలవాటే. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు తెరిచాక చెన్నై ప్రయాణం తప్పింది గాని, ఆ భయం తప్పలేదు. వీసా రాగానే కృతజ్ఞత కూడిక పెడతారు. విమానం ఎక్కే రోజు శంషాబాదు దాకా రెండు బండ్ల జనం వెళ్తారు. అంతటితో గండం గడిచిందనుకుంటారు. నిజానికి వీసా అధికారి ముందు నిలబడేది కొద్ది నిమిషాలే. ఏడాదిన్నరకో రెండేళ్ళకో మొదలయ్యే ఉద్యోగ వేట నెలల తరబడి సాగుతుంది. దానికోసం పాస్‌పోర్టు పట్టుకుని ఎవరూ ప్రార్థనకు రారు. ఆ నెలల్లో బిడ్డ ఒంటరిగా ఉంటాడు. ఇంటి నుంచి ప్రతి ఫోనులోనూ వెళ్ళే ప్రశ్న ఒకటే: “ఉద్యోగం వచ్చిందా నాయనా?”

తల్లి ప్రేమతోనే అడుగుతుంది. వినేవాడి చెవికి మాత్రం అది అప్పులవాడి కేకలాగే ఉంటుంది. ఆ ఒత్తిడిలోనే మన బిడ్డలు కొందరు అబద్ధపు దారి తొక్కుతున్నారు. కాబట్టి ఆ వేట ఎలా జరుగుతుందో, దానికి ఏ కాలం ఏమిటో ఇంటి పెద్దలకు కొంతైనా తెలియాలి.

అదను

సేద్యగాళ్ళకు అదను సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. పదును పోయిన తరువాత ఎంత మంచి విత్తనం వేసినా ఫలం దక్కదు. పరదేశంలో ఉద్యోగానికీ అలాంటి అదనే ఉంది. అమెరికాలో చదువు ఆగస్టులో మొదలవుతుంది. మనవాడు దిగి, గది చూసుకుని, అన్నం వండుకోవడం నేర్చుకునేసరికి సెప్టెంబరు వస్తుంది. సరిగ్గా అప్పుడే పెద్ద కంపెనీలు మరుసటి వేసవికి విద్యార్థులను ఎంచుకోవడం మొదలుపెడతాయి. యూనివర్సిటీలో ఉద్యోగ మేళాలు ఆ ఆశ్వయుజ కార్తీకాల్లోనే ఎక్కువ. వేసవిలో కంపెనీలో చేరి జీతానికి పని నేర్చుకోవడాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. మొదటి విద్యా సంవత్సరం పూర్తయ్యాక, యూనివర్సిటీ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అది చేయవచ్చు. చాలామందికి అసలు ఉద్యోగం ఆ ఇంటర్న్‌షిప్ ఇచ్చిన కంపెనీలోనే దొరుకుతుంది. మన బిడ్డలేమో “ముందు చదువు కానీ, ఉద్యోగం సంగతి తరువాత” అనుకుంటారు. ఇక్కడ మనం నేర్పింది అదే కదా! అక్కడ మాత్రం ఆ మాట నమ్మి కూర్చుంటే అదను పోతుంది.

చదువు నడుస్తున్న రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ యూనివర్సిటీ ఆవరణలోనే పని చేసుకోవచ్చు. గ్రంథాలయంలోనో, భోజనశాలలోనో దొరుకుతుంది. బయట పెట్రోలు బంకులో, దుకాణంలో చేతికి నగదు తీసుకుని చేసే పని చట్టవిరుద్ధం. అలాంటి చోట్ల అర్ధరాత్రి దొంగల తుపాకులకు బలైన తెలుగు పిల్లల వార్తలు మీరూ చదివే ఉంటారు. ఇంటి నుంచి “ఖర్చులకన్నా సంపాదించుకోరాదా” అనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చదువు ముగిశాక ఓపీటీ అనే పని అనుమతి 12 నెలలు ఉంటుంది. దీనికి చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. ముగిసిన 60 రోజులు దాటితే తీసుకోరు. ఇందులో ఇంటివారికి తెలియని మెలిక ఒకటుంది. అనుమతి మొదలైన రోజు నుంచి ఉద్యోగం లేకుండా గడిపే రోజులన్నీ కలిపి 90 మించకూడదు. బిడ్డ ఫోనులో ఎందుకు చిరాకు పడుతున్నాడో ఈ 90 రోజుల లెక్క తెలిస్తే అర్థమవుతుంది. అతడి గోడ మీద క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ ఉంటాడు. అయితే న్యాయమైన వెసులుబాటు కూడా ఒకటుంది. ఆ మొదటి 12 నెలల్లో తన చదువుకు సంబంధించిన పనే, వారానికి కనీసం 20 గంటలు, జీతం లేకుండా చేసినా ఆ రోజులు ఖాళీ రోజుల కింద లెక్కకు రావు. కార్మిక చట్టాలకు లోబడి ఏదైనా సేవాసంస్థలోనో, ప్రొఫెసరుగారి పరిశోధనలోనో అలా చేరి, దాన్ని యూనివర్సిటీ ద్వారా నమోదు చేయించుకోవాలి. జీతం లేదు కదా అని ఇంట్లో చిన్నచూపు చూడకండి. అది పంటకు తడి పెట్టడం లాంటిది.

సైన్సు, ఇంజనీరింగు, లెక్కల చదువులవారికి 12 నెలల తరువాత ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. దానికి జీతమిచ్చే ఉద్యోగమే కావాలి. యజమాని శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. ఆ తరువాత హెచ్-1బి. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్సు చదివినవారికి మరో 20,000. కోరేవారు అంతకంటే ఎన్నో రెట్లు. మార్చిలో పేర్లు నమోదు చేస్తారు, అందులోంచి కొన్ని తీస్తారు. పేరు రాలేదంటే బిడ్డ తెలివి తక్కువవాడని కాదు. 2025 సెప్టెంబరులో ఇంకో ప్రకటన వచ్చింది. విదేశంలో ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఊరంతా గగ్గోలు పెట్టింది. అక్టోబరులో వచ్చిన వివరణ ప్రకారం, అక్కడే చదువుకుని అక్కడి నుంచే విద్యార్థి వీసా మార్చుకునేవారికి అది వర్తించదు. ఈ నిబంధనలు మారుతూనే ఉంటాయి. వాటిని వాట్సాపులో వచ్చే మాటల మీద నమ్మకండి. ప్రతి యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కార్యాలయం ఉంటుంది. అక్కడ అడగడానికి డబ్బు అడగరు.

ఇంగ్లండు 2021 జులై నుంచి చదువు తరువాత రెండేళ్ళు ఉండి పని చూసుకోనిచ్చింది. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలే అని ప్రకటించింది. జర్మనీలో చదివినవారికి ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు, కాని ఆ భాష రాకపోతే చాలా తలుపులు తెరుచుకోవు. ఏ దేశమైనా గడువు మాత్రం ఉంటుంది. ఏ దేశానికి పంపుతున్నామో ఆ గడువు ఎంతో అప్పు చేయక ముందే కనుక్కోవడం ఇంటి పెద్దల బాధ్యత.

దరఖాస్తు, సిఫారసు

మనవారు ఉద్యోగానికి రాసే బయోడేటాలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, పెళ్ళయిందీ లేనిదీ, చివర “పైన రాసినదంతా నిజమని ప్రమాణం చేయుచున్నాను” అని సంతకం ఉంటాయి. అక్కడ అవేవీ అడగరు, ఫొటో కూడా పెట్టకూడదు. చదువు ముగించిన కొత్తవారికి ఒక్క పేజీ చాలు. ఏం చేశావు, దానివల్ల ఏం మారింది అన్నదే చూస్తారు. “కంప్యూటరు ప్రాజెక్టు చేశాను” అంటే చాలదు. కాలేజీ హాజరు పట్టీని కాగితం నుంచి కంప్యూటరుకు మార్చి, గంట పట్టే పనిని పది నిమిషాలకు తెచ్చానంటే వింటారు. పెద్ద కంపెనీలకు వచ్చే దరఖాస్తులను మొదట కంప్యూటరే జల్లెడ పడుతుంది. ఆ ఉద్యోగ ప్రకటనలో అడిగిన నైపుణ్యం మన దగ్గర ఉంటే దాని పేరు ఆ మాటల్లోనే రాయాలి. ఒకే కాగితాన్ని అన్ని చోట్లకు పంపితే జల్లెడలోనే పోతుంది. వందల్లో దరఖాస్తులు పెట్టినా చాలావాటికి “వద్దు” అన్న జవాబు కూడా రాదు. ఇది ఇంటివారికి నమ్మశక్యంగా ఉండదు. అయినా నిజం.

ఇక సిఫారసు. పాతకాలంలో దొరగారి ఉత్తరం పట్టుకుని వెళ్తే మిషను స్కూల్లో టీచరు ఉద్యోగం దొరికేది. తరువాత ఎమ్మెల్యేగారి ఉత్తరం వచ్చింది. అందుకే మన బిడ్డలు అక్కడ ఎవరినైనా సహాయం అడగాలంటే అది తప్పుడు పనేమోనని సిగ్గుపడతారు. కాని అక్కడ కంపెనీలే తమ ఉద్యోగులను “మీకు తెలిసిన మంచివారుంటే చెప్పండి” అని అడుగుతాయి. ఆ ఉద్యోగి చేసేది కాగితాన్ని చూసేవారి చేతికి అందించడమే. పరీక్ష మన బిడ్డే నెగ్గాలి. అదే కాలేజీలో ముందు చదివినవారికి, తెలుగు సంఘ సహవాసంలో కలిసిన అన్నలకు అక్కలకు మర్యాదగా నాలుగు వాక్యాలు రాసి, పావుగంట మాట్లాడతారా అని అడగవచ్చు. అడగగానే “ఉద్యోగం ఇప్పించండి” అనకూడదు. మీ కంపెనీలో పని ఎలా ఉంటుంది, ఏం నేర్చుకుని రావాలి అని అడగాలి. రూతు మోయాబునుండి వచ్చిన పరదేశి. బేత్లెహేములో ఆమెకు ఎవరూ పని తెచ్చి ఇవ్వలేదు. తానే లేచి పొలానికి వెళ్ళి, కోతవారి వెనుక పరిగె ఏరుకోవచ్చా అని పనివారిమీద ఉన్నవాడిని అడిగింది. రూతు గ్రంథం రెండవ అధ్యాయాన్ని ఉద్యోగం వెతికే బిడ్డ కళ్ళతో ఒకసారి చదవండి.

ఎదుట కూర్చున్నప్పుడు

ఇంటర్వ్యూ ఒక్కరోజుతో అయ్యేది కాదు. ముందు కంపెనీ మనిషి ఫోనులో ఇరవై ముప్ఫై నిమిషాలు మాట్లాడతారు. దాన్ని దాటితే చదువుకు సంబంధించిన పరీక్ష, ఆ తరువాత ఒక్కొక్కరుగా ముగ్గురు నలుగురితో మాటలు. వారాలు పడుతుంది. అందుకే “ఇంటర్వ్యూ అయింది కదా, ఇంకా చెప్పలేదా” అని మరునాడే అడగవద్దు.

మన పల్లె బిడ్డలు చదువు పరీక్షలో కంటే మాటల పరీక్షలోనే ఎక్కువగా తడబడతారు. “నీ గురించి చెప్పు” అన్నది మొదటి ప్రశ్న. పెద్దల ముందు తన గురించి తాను చెప్పుకోవడం తప్పని పెంచాం. విశ్వాసుల ఇళ్ళల్లో అది మరీ ఎక్కువ, గర్వమవుతుందేమోనని. తల వంచుకుని, ప్రతి మాటకూ “సర్” అంటూ, ఊరు పేరు తండ్రి పేరు చెప్పి ఆగిపోతారు. చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పడం గర్వం కాదు. చేయనిది చేశానని చెప్పడం అబద్ధం. ఈ రెంటికీ మధ్య చాలా చోటుంది, బిడ్డ అక్కడ ధైర్యంగా నిలబడవచ్చు.

రెండవ రకం ప్రశ్నలు ఇలా ఉంటాయి: నీతో పనిచేసేవాడితో తగాదా వస్తే ఏం చేశావు? గడువు దగ్గరపడి పని కాకపోతే ఎలా గట్టెక్కావు? దీనికి పుస్తకం చదివి జవాబు చెబితే తేలిపోతుంది. అప్పటి పరిస్థితి ఏమిటి, నా వంతు పని ఏమిటి, నేను ఏం చేశాను, చివరికి ఏమైంది, ఈ వరుసలో రెండు నిమిషాల్లో చెప్పాలి. “నా దగ్గర అనుభవం లేదు అయ్యగారూ” అంటారు పిల్లలు. ఎందుకు లేదు? క్రిస్మసు నాటికకు ఇరవైమంది పిల్లలను నెల రోజులు కూర్చోబెట్టి నేర్పించింది ఎవరు? అలిగి వెళ్ళిపోయిన ఏసేపు పాత్రధారిని ఇంటికెళ్ళి బతిమాలి తెచ్చింది ఎవరు? సువార్త కూటాలకు చందాలు వసూలు చేసి, మైకువాడికి, షామియానావాడికి డబ్బులిచ్చి, మిగిలిన రూపాయి దాకా లెక్క అప్పజెప్పింది ఎవరు? మోటారు కాలిపోయిన రాత్రి నంద్యాల నుంచి మెకానిక్కును తెచ్చి చేను ఎండకుండా కాపాడింది ఎవరు? ఇవన్నీ అనుభవాలే. ఇంగ్లీషులో చెప్పడం సాధన చేయాలి, అంతే. యాస గురించి భయం అక్కరలేదు. తొందర తగ్గించి, వాక్యం పూర్తి చేసి మాట్లాడితే వాళ్ళకు అర్థమవుతుంది.

పరదేశంలో ఇంటర్వ్యూ అనగానే నాకు ఆదికాండము 41వ అధ్యాయం గుర్తుకొస్తుంది. యోసేపు చెరసాలనుండి వచ్చినవాడు. అయినా ఫరో ఎదుటికి వెళ్ళే ముందు క్షౌరం చేయించుకుని, బట్టలు మార్చుకున్నాడు. మాటకు ముందు జ్ఞానం తనది కాదని, దేవునిదని ఒప్పుకున్నాడు. కల అర్థం చెప్పి ఊరుకోలేదు. సమృద్ధిగా పండే ఏడేళ్ళలో అయిదవ భాగం నిలవ చేయమని పని పద్ధతి కూడా చెప్పాడు. కంపెనీవారు కూడా మనిషిలో అదే చూస్తారు. సమస్య తెలిసినవాడు చాలామంది ఉంటారు, చేసే దారి చెప్పగలిగినవాడు కావాలి. దానియేలు, అతని స్నేహితులు మూడేళ్ళు పరాయి భాష, పరాయి విద్య నేర్చి రాజు ఎదుట మాట్లాడారు. అన్నిటా నేర్చుకున్నారు గాని, భోజనపు బల్ల దగ్గర మాత్రం హద్దు గీసుకున్నారు.

హద్దు గీయవలసిన చోటు దరఖాస్తు ఫారంలోనే మొదటిసారి వస్తుంది. అందులో రెండు ప్రశ్నలుంటాయి. ఈ దేశంలో పనిచేయడానికి నీకు అనుమతి ఉందా? ఇప్పుడుగాని ముందు ముందుగాని కంపెనీ నీకు వీసా చేయించవలసి వస్తుందా? ఓపీటీ చేతిలో ఉన్న బిడ్డకు మొదటిదానికి జవాబు అవును. రెండవదానికీ చాలామందికి జవాబు అవునే. రెండవదానికి “కాదు” అని నొక్కితేనే పిలుస్తారని స్నేహితులు నేర్పుతారు. అవునని నొక్కితే కొన్ని కంపెనీలు పక్కన పెడతాయి, అది వాస్తవమే. అయితే కాదని నొక్కి లోపలికి వెళ్ళినవాడు రెండేళ్ళకు హెచ్-1బి కోసం అదే యజమాని ముందు నిలబడి తన మొదటి మాట అబద్ధమని తానే చెప్పుకోవాలి. మత్తయి 5:37ను ఉద్యోగ ఫారానికి కూడా వర్తింపజేసుకోవచ్చునని నా అభిప్రాయం.

గొంతు ఒకరిది, ముఖం ఒకరిది

ఖాళీ రోజులు అరవై దాటాక ఫోను వస్తుంది. పిలిచేది తెలుగువాడే. “తమ్ముడూ” అని ఆప్యాయంగా మాట్లాడతాడు. మా కన్సల్టెన్సీలో చేరు, ఉండడానికి గది, తినడానికి తిండి, కొన్ని వారాల శిక్షణ, తరువాత ఉద్యోగం అంటాడు. చేరాక బయోడేటా వాళ్ళే రాస్తారు. నిన్న చదువు ముగించిన పిల్లవాడికి ఏడెనిమిదేళ్ళ అనుభవం, అడుగుపెట్టని కంపెనీల పేర్లు. ఇంటర్వ్యూలో వెనుక నుంచి ఇంకొకడు జవాబులు చెబుతుంటే ఇతడు పెదవులు ఆడిస్తాడు, లేదా ఇతడి పేరు మీద ఇంకొకడే మాట్లాడతాడు. దాన్ని ప్రాక్సీ అంటారు. ఉద్యోగం దొరక్కపోతే “బెంచి మీద ఉన్నావు” అంటారు. కొన్నిచోట్ల జీతం వస్తున్నట్టు కాగితం చూపించడానికి పిల్లవాడి డబ్బే తీసుకుని, కొంత కోసుకుని అతడికే చెక్కు రాసిస్తారు. కన్సల్టెన్సీలన్నీ ఇలాంటివే అనను. నిజమైన ఉద్యోగాలు చూపించి చట్టప్రకారం జీతమిచ్చేవీ ఉన్నాయి. ముందుగా డబ్బు అడిగేవాడు, నీ చదువు తేదీలు మార్చేవాడు మాత్రం ఎంత తెలుగువాడైనా నీ మేలు కోరేవాడు కాదు.

ఆదికాండము 27వ అధ్యాయంలో ఇలాంటి ఇంటర్వ్యూ ఒకటుంది. యాకోబు అన్న బట్టలు వేసుకుని, చేతులకు మేకపిల్లల చర్మం చుట్టుకుని తండ్రి ఎదుట కూర్చున్నాడు. గొంతు ఒకరిది, చేతులు ఇంకొకరివి. ముసలి ఇస్సాకుకు అనుమానం వచ్చింది కూడా. ఆశీర్వాదం దొరికింది. కాని ఆ ఇంట్లో ఉండి దాన్ని అనుభవించలేక పారిపోయాడు. పరదేశంలో 20 ఏళ్ళు లాబాను దగ్గర కొలువు చేశాడు. అక్కడ తన జీతాన్ని పదిసార్లు మార్చారని అతడే చెప్పుకున్నాడు. ఈ మోసాన్ని నేర్పింది తల్లి అన్న సంగతి కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ఇంటివారు దాన్ని గమనించాలి.

చట్టం సంగతీ చెప్పాలి. వలస అధికారుల ముందు తెలిసి అబద్ధపు వివరాలిచ్చి మేలు పొందజూసినట్టు రుజువైతే, ఆ మనిషి అమెరికాలో అడుగుపెట్టకుండా జీవితకాల నిషేధం పడవచ్చు. బయోడేటాలో రాసిన అబద్ధపు అనుభవం తరువాత వీసా కాగితాల్లోకి ఎక్కితే ఆ ముప్పు ఉంటుంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది మన ఆంధ్ర దేశం పిల్లలే. చదువు పేరుతో వీసా, వీసా మీద ఉద్యోగం అన్నదే అక్కడి వ్యాపారం. కొందరు పిల్లల కాళ్ళకు జాడ తెలిపే యంత్రాలు కట్టారు. దాన్ని నడిపిన స్త్రీకి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఇంకొకటి బయటపడింది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనేది తరగతులు లేని ఉత్త బోర్డు. దాన్ని పెట్టింది అమెరికా ప్రభుత్వపు అధికారులే, వల పన్నడానికి. పని అనుమతి కోసం అందులో చేరినవారిని మొదటి రోజుల్లో 130 మంది దాకా పట్టుకుంటే, 129 మంది భారతీయులే. చేర్పించిన దళారులు ఎనిమిది మందిలో మన తెలుగువారున్నారు. ప్రభుత్వమే వల పన్నడం న్యాయమా అని అప్పుడు అక్కడివారే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే తరగతి లేని కాలేజీలో ఫీజు కట్టేటప్పుడు ఆ బిడ్డకు, ఇక్కడ డబ్బు సర్దిన తండ్రికి ఒక్క అనుమానం రాలేదా?

“నిజం చెబితే ఉద్యోగం రాదయ్యగారూ, అందరూ ఇట్లే చేస్తాండారు” అనే మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయను. నిజం చెప్పినవాడికి వెంటనే ఉద్యోగం వస్తుందని బైబిలు ఎక్కడా మాట ఇవ్వలేదు. యోసేపు నిజాయితీకి మొదట దొరికింది చెరసాలే. నిజం చెప్పిన బిడ్డ ఆలస్యమవుతాడు. కొందరు వెనక్కే రావలసి వస్తుంది. ఆ ఆలస్యాన్ని మోయడానికి ఇల్లు, సంఘం సిద్ధంగా ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. మొదటి జీతం కానుకను ఆరాధనలో పేరు చదివి స్తుతిస్తారు. ఉద్యోగం లేకుండా ఎనిమిది నెలలు నిజం మీద నిలబడిన బిడ్డ పేరు ఏ సంఘంలో చదివారు?

ఈ ఎదురుచూపు కొత్తది కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు క్రైస్తవులు కారు, అయినా ఆయన సంగతి మన బిడ్డలు తెలుసుకోవాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేసిన సహాయంతో, మామగారు కూర్చిన డబ్బుతో 1920ల మొదట్లో బోస్టను చేరారు. మద్రాసులో వైద్యం చదివినా, అక్కడ వైద్యం చేసే అనుమతి లేదు. బతకడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేశారు. పగలు హార్వర్డులో చదువు. 1925లో ఫిస్కేతో కలిసి, రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని ప్రకటించారు. దాని పేరులో ఈ తెలుగువాడి పేరూ ఉంది. అయినా హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. ఆ కాలంలో భారతీయులకు అమెరికా పౌరసత్వం ఇచ్చేవారు కాదు, 1946లో చట్టం మారింది. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీలో చేరేనాటికి ఆయన అక్కడికి వచ్చి పదిహేనేళ్ళు దాటింది. అక్కడ ఆయన నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిందే, మన ఊళ్ళలో బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు పంచే డి.ఇ.సి. మాత్ర. 1948లో చనిపోయారు.

ఇక ఇంటి సంగతి. బ్యాంకు విద్యారుణం అయితే మామూలుగా చదువుకాలం, ఆ పైన ఒక ఏడాది కట్టనక్కరలేదు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆ ఏడాది ముగియక ముందే తండ్రి బ్యాంకుకు వెళ్ళి మేనేజరుగారితో మాట్లాడితే వాయిదాల సంగతి ఏదైనా దారి దొరకవచ్చు. గడువు దాటాక వెళ్తే మాట వేరుగా ఉంటుంది. పొలం తాకట్టు పెట్టి బయట వడ్డీకి తెచ్చినవారి బాధ ఇంకా ఎక్కువ, ఆ వడ్డీకి ఏ గడువూ లేదు. అందుకే పంపేటప్పుడే ఫీజుతో పాటు, చదువు తరువాత ఆరు నెలలు ఉద్యోగం లేకుండా బతకడానికి కావలసిన డబ్బు కూడా లెక్కలో వేయాలి. అది వేయలేమనుకుంటే ఒక ఏడాది ఆగి ఇక్కడే పని చేసి, అనుభవం చేతిలో పట్టుకుని వెళ్ళడం మేలు. అప్పుడు బయోడేటాలో రాయడానికి అబద్ధం అవసరం ఉండదు.

బిడ్డ గడువు అయిపోయి తిరిగి వస్తే, ఊరు ఏమంటుందోనని హైదరాబాదులోనే దాక్కునే పరిస్థితి రానివ్వకండి. నయోమి ఏమీ లేకుండా బేత్లెహేముకు తిరిగి వచ్చింది. ఊరంతా కదిలి, వచ్చినది నయోమేనా అని ఆడవారు మాట్లాడుకున్నారు. అయినా ఆమె తన ఇంటికే వచ్చింది, యవలకోత మొదలైన రోజుల్లో వచ్చింది. అమెరికా చదువు, రెండు మూడేళ్ళ పని ఉన్నవారికి హైదరాబాదులోను, బెంగుళూరులోను ఉద్యోగాలు దొరుకుతున్నాయి. అప్పు తీరడానికి ఎక్కువ ఏళ్ళు పడుతుంది, తీరదని కాదు. బిడ్డ సరిగా తినడంలేదని, నిద్రపోవడంలేదని, ఫోను ఎత్తడంలేదని అనిపిస్తే ఉద్యోగం మాట పూర్తిగా పక్కన పెట్టి, అక్కడున్న తెలుగు సంఘ కాపరికో, స్నేహితుడికో ఆ రోజే చెప్పి ఇంటికి పంపించండి. యూనివర్సిటీల్లో మనసు బాగోలేనివారితో మాట్లాడే సలహాదారులుంటారు. చదువుతున్న పిల్లలు వారి దగ్గరికి వెళ్ళవచ్చు.

ఫోను వేళ కూడా చూసుకోండి. ఆదివారం ఆరాధన ముగించుకుని పన్నెండున్నరకు మనం ఫోను చేస్తే, వేసవిలో టెక్సాసులో రాత్రి రెండు గంటలు. నిద్రలో లేచిన బిడ్డకు మొదట వినబడేది ఉద్యోగం మాట. దానికి బదులు శనివారం రాత్రి ఎనిమిదింటికి చేయండి, వాళ్ళకు ఉదయం తొమ్మిదిన్నర. చలికాలంలో ఎనిమిదిన్నర. ఈ వారం ఎవరితో మాట్లాడినావు, వాళ్ళు ఏమడిగినారు, నువ్వేం చెప్పినావు, ఏం వండుకున్నావు అని అడగండి. చెప్పనివ్వండి. అమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ఇంటర్వ్యూలో చెప్పబోయే జవాబును ముందు అమ్మకు తెలుగులో చెప్పి చూడమనండి. ఆమెకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, అక్కడ కూర్చున్నవారికీ అర్థమవుతుంది.